పిల్లల గడియారంతో ప్రయాణం

ఏప్రిల్ ఆఖరి వారానికి బడులు మూస్తారు, మళ్లీ జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ ఏడు వారాల్లో మీకు ఆఫీసులో దొరికే సెలవు మహా అయితే ఐదారు రోజులు. ఏడాది ఆశలన్నీ వాటిమీదే పెట్టుకుంటారు. టికెట్లు, హోటళ్లు, కొత్త బట్టలు, మందుల డబ్బా, అన్నీ సిద్ధం. తీరా తిరిగొచ్చాక ఎవరైనా "ట్రిప్ ఎలా జరిగింది?" అని అడిగితే నోటికొచ్చే మొదటి మాట ఏమిటి? "బాగానే జరిగింది గానీ, పిల్లలు చంపేశారనుకోండి." ఈ మాట అనని తల్లిదండ్రులు తక్కువ. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ అలసటలో పిల్లల వాటా మీరనుకున్నంత లేదు. పెద్ద వాటా మీరు నెలరోజుల ముందు ఇంట్లో కూర్చుని రాసుకున్న ప్లానుది. పిల్లల స్వభావాన్ని ఐదు రోజుల్లో మార్చలేం గానీ, ప్లానును ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. కాబట్టి నిరుత్సాహపడే పనేమీ లేదు.

నమ్మకం కుదరలేదా? హైదరాబాద్ నుంచి విశాఖ, అరకు వెళ్లే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. తెల్లారేసరికి విశాఖలో రైలు దిగారు. చాలా హోటళ్లలో మధ్యాహ్నం 12 దాకా గది ఇవ్వరు కాబట్టి సామాన్లు రిసెప్షన్‌లో పడేసి, అక్కడే ముఖాలు కడుక్కుని సింహాచలం వెళ్లారు. అక్కణ్నుంచి కైలాసగిరి. భోజనం రెండున్నరకు. "ఇప్పుడు గదికెళ్తే మళ్లీ బయటపడలేం" అని నేరుగా కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి, తర్వాత ఆర్కే బీచ్‌కి. రెండోరోజు పొద్దున ఐదింటికే కారు: బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, చాపరాయి, చీకటిపడ్డాక ఘాట్ రోడ్డు దిగి రాత్రి పదింటికి మళ్లీ విశాఖ. కాగితం మీద ముచ్చటగానే ఉంది. మరి పాప ఎక్కడ ఏడుస్తుందో చెప్పగలరా? మొదటిరోజు నాలుగింటికి, సబ్‌మెరైన్ ముందు లైన్లో. ఇది చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. రైల్లో సరిగా పడుకోలేదు, పొద్దున్నుంచి ఎండలో తిరిగింది, అన్నం వేళ దాటింది, రోజూ మధ్యాహ్నం తీసే కునుకు ఎగిరిపోయింది. బాబు వాంతి ఎక్కడ చేసుకుంటాడో కూడా ఇంతే కచ్చితంగా చెప్పవచ్చు: ఘాట్ రోడ్డు మలుపుల్లో. ఈ రెండూ ప్లానులోనే ఉన్నాయి. పాపకు చెంపదెబ్బ పడితే మాత్రం అది ప్లానుకు తగలాల్సిన దెబ్బ.

నిద్ర లెక్కే చూడండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చేసిన సిఫారసుల ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. ఇది పగటి కునుకులతో కలిపి. ఆరు నుంచి పన్నెండేళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు. పైన చెప్పిన ప్లానులో పాపకు దక్కేది ఆరేడు గంటలు, అదీ కొత్తచోట. పెద్దవాళ్లు నిద్ర తక్కువైతే ఇంకో కాఫీ తాగి నెట్టుకొస్తారు. పిల్లల్లో అలసట మగతగా కనబడదు. మంకుగా, చిరాకుగా, ఉత్తపుణ్యానికి ఏడుపుగా బయటికొస్తుంది. మనం దానికి మొండితనమని పేరు పెట్టి, నలుగురిలో మందలించి, ఇంకాస్త పెంచుతాం.

హడావుడి సెలవు పెద్దవాళ్లకూ కలిసిరాదు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి జెరోన్ నవైన్, ఆయన సహచరులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. సెలవులకు ఊరెళ్లేవాళ్లు వెళ్లకముందే మిగతావాళ్లకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారట. తిరిగొచ్చాక మాత్రం వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ పెద్ద తేడా కనబడలేదు. ఒక్క గుంపుకు మినహాయింపు: తమ సెలవు ఎంతో హాయిగా, ప్రశాంతంగా గడిచిందన్నవాళ్లకు. డచ్చివాళ్ల లెక్క మన తిరుపతి ప్రయాణానికి అచ్చంగా సరిపోతుందని వాదించను. కానీ అందులో ఆలోచించాల్సింది ఉంది. హడావుడిగా గడిపిన సెలవు నుంచి ఇంటికి తెచ్చుకునేది తక్కువే అయినప్పుడు, ఎన్ని చోట్లు చూశామన్న పట్టింపు ఎందుకు?

ఇక్కడే మీరు అడ్డుపడతారు. "ఇంత డబ్బు పోసి వెళ్లి, హోటల్ గదిలో పడుకోవడానికా?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఖర్చును చోట్ల సంఖ్యతో భాగించి చూడటమే చిక్కు తెస్తుంది. ఏడు చోట్లకు వెళ్లి, అందులో నాలుగింటిలో పాపను ఎత్తుకుని సముదాయిస్తూ, ఒకరిమీద ఒకరు విసుక్కుంటూ తిరిగితే ఆ నాలుగింటి టికెట్ డబ్బులు ఏ ఖాతాలో రాస్తారు? మూడు చోట్లకే వెళ్లి మూడూ నిజంగా చూస్తే పోయిందేముంది? అరకు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. ఇప్పుడు నాలుగేళ్లున్న పాపకు అప్పటికి ఐదొస్తాయి, గుహల్లో మెట్లు తనే ఎక్కుతుంది.

రెండో అభ్యంతరం పెద్దలది. "మా చిన్నప్పుడు ఇవన్నీ ఎవరు చూశారు? సర్దుకుపోవడం నేర్చుకోవాలి." ఈ మాటకు బలముంది, తోసిపుచ్చలేం. అయితే ఆ రోజుల వేసవి సెలవులు ఎలా ఉండేవో ఒకసారి గుర్తుచేసుకోమనండి. చాలా ఇళ్లలో సెలవులంటే అమ్మమ్మ ఊరు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, రోజుల తరబడి. వేళకు అన్నం, మధ్యాహ్నం ఎండలో అందరికీ వసారాలో నిద్ర, ఆడుకోవడానికి పిన్ని పిల్లలు, మేనమామ పిల్లలు. ఒకరు అలిసిపోతే చూసుకోవడానికి పిన్నో అత్తో ఉండేవాళ్లు. పొద్దున ఆరింటికి లేపి ఏడు చోట్లు తిప్పే ప్యాకేజీ కాదది. ఆ పిల్లలు సర్దుకుపోయారంటే, వాళ్ల సెలవులే పిల్లల వేళల ప్రకారం నడిచాయి కనుక. పెద్దలు చెప్పే ఉదాహరణ నా వాదనకే సాక్ష్యం. కాబట్టి కింద చెప్పేవాటిలో కొత్తదనం కొంతే. పాత సెలవుల్లో దానంతటదే జరిగిపోయినదాన్ని ఇప్పుడు మనం పూనుకుని ఏర్పాటు చేసుకోవాలి.

1. చోట్లు రాయకముందు గంటలు రాయండి. ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో అందరికన్నా చిన్న పిల్ల రోజు ఎలా గడుస్తుందో ముందు రాయండి: ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది. నాలుగేళ్ల పాపకు రాత్రి పది గంటల నిద్ర, మధ్యాహ్నం గంటన్నర కునుకు, స్నానానికి, భోజనాలకు, బట్టలకు నాలుగు గంటలు తీసేస్తే మిగిలేవి ఎనిమిదిన్నర. దారిలో గడిచే సమయమూ అందులోంచే పోవాలి. చూడటానికి చేతిలో ఉండేది ఐదు గంటలైతే గొప్ప. అంటే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఈ లెక్క ముందే వేసుకుంటే చోట్ల జాబితా తనంతట తనే కుదించుకుపోతుంది, మీరెవరితోనూ గొడవపడక్కర్లేదు. మన విశాఖ కుటుంబాన్నే మళ్లీ తీసుకుందాం. మొదటిరోజు పొద్దున గదికి ముందే మాట్లాడుకుంటారు. సగం రోజు అద్దె అదనంగా అడిగినా ఇస్తారు, మొత్తం ట్రిప్‌లో అంతకన్నా సార్థకమైన ఖర్చు ఉండదు. పడుకుని లేచి, తిని, సాయంత్రం నాలుగున్నరకు సబ్‌మెరైన్ చూసి అటునుంచటే బీచ్‌కి. అంతే, ఆ రోజు అయిపోయింది. అరకుకు కారులో కాకుండా కిరండూల్ వెళ్లే రైల్లో వెళ్తారు. పొద్దున ఏడింటిలోపే బయల్దేరి సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. వరసగా వచ్చే సొరంగాల్లో కేకలు పెట్టడమే పిల్లలకు సగం ట్రిప్. ఆ రాత్రి అరకులోనే పడుకుంటారు. చీకట్లో ఘాట్ దిగడం తప్పింది, బాబు వాంతి కూడా తప్పింది. కైలాసగిరి, సింహాచలం వచ్చేసారికి.

ఏదైనా పూర్తిగా మానుకోవడానికి మనసొప్పకపోతే సగం చేయండి. ఊటీ కొండరైలు ఎక్కాలని పిల్లలు సరదాపడతారు. మేట్టుపాళయం నుంచి పైకి 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు పడుతుంది. మొదటి గంట ఉత్సాహం, రెండో గంట చెగోడీలు, మూడో గంటనుంచి "ఇంకా ఎంతసేపు?" ఊటీ, కూనూరుల మధ్య ముక్క మాత్రం ఎక్కితే గంట చిల్లరలో అదే కొండరైలు సరదా, అలాంటి లోయలే. పిల్లలకు ఏమీ తగ్గలేదు. పెద్దవాళ్లకు తగ్గింది, నిజమే. కానీ వాళ్లు పిల్లలు పెద్దయ్యాక వెళ్లగలరు.

2. ప్రయాణంలో వేగం చూడకండి, నిద్ర చూడండి. సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందేభారత్ దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో వెళ్తుంది. రాత్రి రైలు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు పన్నెండు గంటలకు పైగా పడుతుంది. ఏది మంచిది? పెద్దవాళ్లకైతే మొదటిదే. మూడేళ్ల పిల్లాడితో అయితే, కూర్చునే సీట్లో ఎనిమిదిన్నర మెలకువ గంటలు ఒకవైపు, మూడు గంటల మెలకువ, తొమ్మిది గంటల నిద్ర ఇంకోవైపు. గడియారం ప్రకారం పొడవైన ప్రయాణమే ఇక్కడ తేలిక. కొంత పెద్ద పిల్లలకు, కిటికీ పక్కన పుస్తకంతో కూర్చోగలవాళ్లకు, వందేభారతే హాయి. అందుకే "ఏది తొందరగా వెళ్తుంది?" అని కాకుండా "మా వాడు ఇందులో ఎన్ని గంటలు మేలుకుని ఉంటాడు?" అని అడగండి.

టికెట్ దగ్గర చాలామంది ఒకేచోట పొరబడతారు. ఐదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. ఐదేళ్లలోపువాళ్లకు టికెట్టే అక్కర్లేదు, కానీ బెర్తు ఉండదు. కావాలంటే పూర్తి చార్జీ కట్టి తీసుకోవచ్చు. ఏడేళ్ల బాబుకు సగం టికెట్ తీసి కొన్ని వందలు మిగిల్చారనుకోండి. రాత్రంతా అమ్మ బెర్తు చివర ముడుచుకుని కూర్చుంటుంది, బాబు తన్నుతూ పడుకుంటాడు, పొద్దున ఇద్దరికీ నిద్ర ఉండదు, మొదటిరోజు ఇద్దరితోనూ మిగతావాళ్లకు ఇబ్బందే. ఆ కొన్ని వందలు మిగిలినట్టా, పోయినట్టా? రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు (2024 నవంబర్‌కు ముందు 120 రోజులుండేది). మే నెల ప్రయాణానికి మార్చిలోనే కూర్చోవాలి. తత్కాల్‌ను నమ్ముకుని పిల్లలతో బయల్దేరడం నా దృష్టిలో సాహసం.

కారులో వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పధ్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో, వయసుకు తగిన చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే 2019 చట్ట సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి, ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకున్న బిడ్డను సడెన్ బ్రేకు వేసినప్పుడు ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఇక వాంతులు: ఇవి రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఎక్కువ. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, కళ్లేమో చేతిలోని ఫోనును చూస్తూ కదలడం లేదంటాయి, ఈ తగాదాలో కడుపు తిప్పుతుంది. ఘాట్ రోడ్డు మొదలవగానే ఫోను, బొమ్మల పుస్తకం లోపల పెట్టించండి, దూరంగా ఉన్న కొండను చూడమనండి, కిటికీ కొంచెం దించండి. బయల్దేరేముందు కడుపునిండా పూరీలు పెట్టకండి, ఖాళీ కడుపుతోనూ ఎక్కించకండి. రెండు ఇడ్లీలు చాలు. మాత్ర ఇవ్వాలనుకుంటే డాక్టరునడిగి, వయసుకు తగిన మోతాదులోనే.

అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన కుటుంబాలు ఇంకో చిక్కు తెచ్చుకుంటాయి. న్యూజెర్సీకీ హైదరాబాద్‌కీ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. పిల్లల ఒంటికి అది సర్దుకోవడానికి వారం దాకా పడుతుంది. మనవాళ్లేమో దిగిన మూడోరోజే పుట్టువెంట్రుకలు, ఆ వారాంతంలోనే గృహప్రవేశం, మధ్యలో పదిమంది చుట్టాల ఇళ్లు పెట్టేస్తారు. రాత్రి రెండింటికి లేచి ఆడుకుని మధ్యాహ్నం విందులో కునికే పిల్లను చూసి "అక్కడ పెరిగిన పిల్లలు కదా, కలవరు" అని తేల్చేస్తారు. శుభకార్యాన్ని రెండోవారంలో పెట్టమని ముహూర్తం అడిగేటప్పుడే పురోహితుడికి చెప్పడంలో తప్పేముంది?

3. తిండిలో సగం పాతది ఉంచండి. కొత్త ఊళ్లో కొత్త రుచులు చూడాల్సిందే, కానీ రోజుకు ఒక పూట. మిగతా పూటలు పిల్లలకు అలవాటైనవే. పులిహోర మొదటిరోజంతా నిలుస్తుంది. పెరుగన్నం మే ఎండకు మధ్యాహ్నానికే పులుస్తుంది. అటుకులు, వేరుశనగ ఉండలు, అరటిపళ్లు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో పెట్టిన సూట్‌కేసులో కాదు. ఆకలేశాక హోటల్ వెతకడం, ఆర్డరిచ్చాక నలభై నిమిషాలు ఆగడం, ఈ రెండూ కలిసినప్పుడే బల్ల దగ్గర గోల పుడుతుంది. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ఇవ్వాలని అందరికీ తెలుసు. కలపడం దగ్గరే పొరబడతారు. ప్యాకెట్ మీద లీటరుకని ఉంటే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, 200 మిల్లీలీటర్లకని ఉంటే అంతలోనే. గ్లాసులో చిటికెడు వేసి ఇవ్వడం సరికాదు. ఆ పేరుతో దుకాణాల్లో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు కూడా ఓఆర్ఎస్ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది. మందుల షాపులో అడిగి, ప్యాకెట్ చదివి కొనండి.

4. క్యూ ఉన్నచోటికి ముందే చదువుకుని వెళ్లండి. మన కుటుంబాల ప్రయాణాల్లో పెద్ద భాగం తీర్థయాత్రలు, వాటిలో తిరుమలది మొదటిస్థానం. అక్కడ పిల్లలను అలసగొట్టేది దర్శనం కాదు, దానికి ముందు ఎన్ని గంటలో తెలియని నిరీక్షణ. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, పన్నెండేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఏడాది నిండని బిడ్డతో వచ్చే తల్లిదండ్రులను సుపథం దారిలో పంపే ఏర్పాటుంది. బిడ్డ జనన ధ్రువపత్రం దగ్గరుంచుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు టీటీడీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలయ్యాక, పిల్లలతో నడిచేవాళ్లకు వేళల ఆంక్షలు పెట్టారు. నడిచి వస్తానని మొక్కుకున్నది మీరు, మీ ఐదేళ్ల బాబు కాదు. మీరు నడవండి, బాబును తాతయ్యతో బస్సులో పంపండి.

"దేవుడి దగ్గరికి వెళ్తూ సుఖం చూసుకుంటారా?" అని ఇంట్లో ఎవరో అంటారు. కష్టపడి దర్శించుకోవడంలో ఒక తృప్తి ఉంది, కాదనను. కానీ ఆ కష్టం తెలిసి ఎంచుకున్నవాళ్లది. మూడేళ్ల పిల్లకు క్యూ కంపార్ట్‌మెంట్లో ఐదు గంటలు ఉండటం తపస్సు ఎలా అవుతుంది? తలనీలాలూ అంతే. కత్తి పట్టుకున్న కొత్త మనిషి ముందు హఠాత్తుగా కూర్చోబెడితే ఏ పిల్లయినా బెదురుతుంది. వారం ముందునుంచే చెప్పండి, నాన్నో అన్నయ్యో ముందు కూర్చుని గుండు చేయించుకోవడం చూపించండి, నొప్పి ఉండదని, నీళ్లు చల్లగా ఉంటాయని చెప్పండి. అప్పుడూ ఏడవచ్చు. కానీ భయంతో ఏడ్చే ఏడుపు వేరు, ఇష్టం లేక ఏడ్చే ఏడుపు వేరు.

సెలవు రోజులు కూడా చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూస్తారు, నెహ్రూ జూ సోమవారం. ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బండ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ కావాలి. పులిని చూపిస్తామని ఊరించి జూ గేటు ముందు నిలబడితే, ఆ రోజు పాప పెట్టే పేచీకి నేనైతే పాప పక్షమే.

5. అమ్మకు కూడా సెలవివ్వండి. ఇంత చెప్పినా, అన్నీ సరిగ్గా చేసినా, ప్రయాణం బరువు తగ్గని ఇళ్లున్నాయి. అక్కడ ప్లాను బాగానే ఉంటుంది, కానీ దాన్ని మోసేది ఒక్కరే. సర్దేది ఆమె, మందులు గుర్తుపెట్టుకునేది ఆమె, హోటల్ బాత్‌రూమ్‌లో పాలసీసా కడిగేది ఆమె, ఫొటోల్లో కనబడనిదీ ఆమె. "నాకు తెలీదు కదా, తనకైతే అలవాటు" అంటారు మగవాళ్లు. అలవాటు చేస్తే వస్తుంది, పుట్టుకతో రాదు. సాయం చేస్తాననడం కూడా చాలదు, ఎందుకంటే ఏం చేయాలో చెప్పే పని మళ్లీ ఆమెకే మిగులుతుంది. పూటను పంచుకోండి. పొద్దున నుంచి భోజనం దాకా పిల్లల తిండి, నీళ్లు, బాత్‌రూమ్ అన్నీ ఒకరివి. ఆ తర్వాత రెండోవారివి. ఆ పూట ఎవరిదైతే వారే ఆలోచించాలి, "ఏవోయ్, వాడి టోపీ ఎక్కడ?" అని అడగకూడదు. అత్తమామలు, అమ్మానాన్నలు వెంట వస్తే వాళ్లను ఊరికే అనుకోకుండా అడగాలి: "అత్తయ్యగారూ, రేపు మధ్యాహ్నం మీరెలాగూ గదిలోనే ఉంటామన్నారు కదా, చిన్నదాన్ని మీ దగ్గర పడుకోబెట్టి మేం బజారుకెళ్లొస్తాం, వీలవుతుందా?" అలా అడిగితే కాదనేవాళ్లు అరుదు. అడగకుండా అప్పజెబితే నొచ్చుకోనివాళ్లూ అరుదే.

6. పిల్లల చేతిలో ఒక నిర్ణయం పెట్టండి. ప్రయాణానికి ముందే సంతోషం మొదలవుతుందని డచ్చి అధ్యయనంలో చూశాం కదా, అందులో పిల్లలకూ వాటా ఇవ్వవచ్చు. "ఎక్కడికెళ్దాం?" అని అడగకండి, దుబాయ్ అంటే ఏం చేస్తారు? "రెండోరోజు సాయంత్రం బీచా, రోప్‌వేనా?" అని అడగండి. ఏదన్నా మీకు సమ్మతమైన రెండింటిలోంచే ఎంచుకుంటారు, ఎంచుకున్నందుకు ఆ సాయంత్రం బాధ్యతగానూ ఉంటారు. బొమ్మల దుకాణాల గొడవకూ ఇదే మందు. ఆరేళ్లు దాటిన పిల్లలకు మొత్తం ట్రిప్‌కి ఇంతని డబ్బు చేతికిచ్చేయండి. మొదటి షాపులోనే అంతా ఖర్చుపెట్టేస్తే పెట్టనివ్వండి. రెండో షాపు ముందు మీరు చెప్పాల్సింది ఏమీ ఉండదు.

ఫోను గురించి ఎటూ తెగని వాదం నడుస్తుంటుంది. నా మాట ఇది: విమానం కోసం మూడు గంటలు ఆగాల్సి వచ్చినప్పుడు ఫోను ఇవ్వడం నేరం కాదు, భోజనం బల్ల దగ్గర, ఘాట్ రోడ్డులో, నిద్రకు ముందు ఇవ్వడం మాత్రం కొనితెచ్చుకున్న తలనొప్పి. ఇచ్చేముందే ఎంతసేపో చెప్పండి. మీ ఫోనుకూ ఒక పనుంది: రద్దీ చోట్లకు వెళ్లే రోజు పొద్దున పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి, ఆ రోజు వేసుకున్న బట్టలు అందులో ఉంటాయి. జేబులో మీ నంబరున్న చీటీ పెట్టండి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడాలని, పోలీసునో పిల్లలను వెంటబెట్టుకున్న ఒక ఆంటీనో అడగాలని ఆటలాగా నేర్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112, రైల్లో అయితే 139.

7. ఇన్ని చేసినా పేచీ వస్తుంది. వచ్చినప్పుడు ముందు మూడు విషయాలు చూడండి: పిల్ల ఎప్పుడు తింది, ఎప్పుడు పడుకుంది, బాత్‌రూమ్‌కి ఎప్పుడు వెళ్లింది. పదిసార్లలో ఎక్కువసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. పక్కకు తీసుకెళ్లి నీడలో కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి, ఉపన్యాసం వాయిదా వేయండి. "ఇక్కడే వదిలేసి వెళ్లిపోతాం" అనే మాట మాత్రం ఎంత కోపంలోనూ వద్దు. తెలియని ఊళ్లో ఉన్న పిల్లకు అది బెదిరింపులా వినబడదు, జరగబోయేదిలా వినబడుతుంది. ఆ రోజు మిగిలిన కార్యక్రమం వదిలేయాల్సి వస్తే వదిలేయండి. టికెట్ కొన్నాం కదా అని ఏడుస్తున్న పిల్లను రోప్‌వే ఎక్కించడం వల్ల టికెట్ డబ్బులు వెనక్కి రావు.

8. తిరిగొచ్చే రోజును కూడా సెలవులో కలపండి. ఆదివారం రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోవాలని ప్లాను చేసేవాళ్లు ఒక రోజు మిగుల్చుకున్నామనుకుంటారు. ఆ ఒక్క రోజు అరువు వారమంతా తీర్చాల్సి వస్తుంది. శనివారం మధ్యాహ్నానికే ఇంటికి చేరేలా టికెట్ తీసుకోండి, అవసరమైతే ఒక ఊరు తగ్గించి. వెళ్లేముందే బియ్యం, కందిపప్పు, ఒక పచ్చడి సీసా అందుబాటులో పెట్టుకుంటే రాగానే పప్పన్నం, అప్పడం చాలు. పిల్లలకు స్నానం చేయించి వాళ్ల మంచాల మీద వాళ్లను పడుకోబెట్టండి. సూట్‌కేసులు మర్నాడు తెరవచ్చు, బట్టలు రెండు విడతలుగా ఉతకవచ్చు. బంధువుల గ్రూపులో ఫొటోలు బుధవారం పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.